ఈశాన్యం మూల వదిలేసి

కొమురయ్య ఆ రోజు మట్టి సంచి లేకుండా వచ్చాడు. అయినా మట్టి తెచ్చిన వాళ్ళ వరుసలోనే నిలబడ్డాడు. అతనికి ముందు నలుగురున్నారు. నేను వాళ్ళ సంచులు తీసుకుని, చీటీలు కట్టి, పేర్లు రాసుకునేదాకా తువాల భుజాన వేసుకుని ఆగాడు. తన వంతు రాగానే బల్ల మీద రెండు చేతులూ ఆనించి, "సారు పోయిండు మేడం. తెల్లారంగ. మాపటికి తీస్కపోతరట. మీకు జెప్పి రమ్మన్నరు" అన్నాడు. అలవాటు కొద్దీ రిజిస్టరులో అతని పేరు రాసేశాను. రాశాక ఏం చేశానో చూసుకుని కలం కింద పెట్టాను.

మా ఆఫీసు పెద్దదేం కాదు. వరంగల్ చుట్టుపక్కల రైతులు పొలం మట్టిని సంచిలో వేసి తెస్తే, అందులో ఏముందో ఏం లేదో చూసి, ఏ పంటకు ఎంత ఎరువు వేయాలో కాగితం మీద రాసిచ్చే చోటు. రెండు గదులు, ఒక వరండా. ఆ రెండు గదులకూ పెద్ద మా సార్. మూడేళ్ళ కిందట రిటైరై నర్సంపేట దగ్గర సొంత ఊరికి వెళ్ళిపోయారు. కొమురయ్యది ఆ పక్క ఊరే.

మధ్యాహ్నం బస్సుకు ఐదుగురం వెళ్ళాం. వాళ్ళలో పూడ్చే ఆచారం. తలా పిడికెడు మన్ను వేస్తున్నారు. ఆడదాన్ని కదా అని నేను దూరంగా నిలబడితే, సార్ భార్యే చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్ళింది. వంగి పిడికిట్లోకి తీసుకున్నాను. తీసుకున్నానే గానీ వేయలేదు. బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే ఆ మట్టిని రాసి చూస్తున్నాయి. గరుకుగా ఉంది. బంక తక్కువ. ఎర్ర చెలక, మధ్య మధ్య సన్న రాయి. వెనక ఎవరో దగ్గితే గానీ నాకు స్పృహ రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. తిరుగు బస్సులో మాత్రం, చూడకుండా వేసి వస్తేనే సార్ కోప్పడేవారని అనిపించి, కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

నేను డెబ్బై ఎనిమిదిలో ఆ ఆఫీసులో చేరాను. బీఎస్సీ కెమిస్ట్రీ. హనుమకొండలో మాది కిరాణా దుకాణం. మా ఇంట్లో మట్టి అంటే కందిపప్పులో వచ్చే పెళ్ల, శనగల్లో దొరికే రాయి. ఏరి పారేసేది. ఉద్యోగం సంగతి చెప్పగానే మా నాన్న తక్కెడ ఆపి నా ముఖం చూశాడు. "బీఎస్సీ జదివింది మన్ను పిసుకనీకెనా? గంతకు జదువెందుకు బిడ్డా?" అన్నాడు. నాకూ లోపల అదే అనుమానం. ఆర్నెల్ల టెంపరరీ ఉద్యోగం కదా, ఆ తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

మొదటి రోజు సార్ నా రెండు అరచేతుల్లో రెండు గడ్డలు పెట్టారు. ఒకటి రేగడి, ఒకటి చెలక. "ఏం తేడా?" అన్నారు. ఒకటి నల్లగా ఉంది, ఒకటి ఎర్రగా ఉంది అన్నాను. "గది మీ దుకాణంల కూసునే తమ్ముడు గూడ జెప్తడు. ఇంకా?" అన్నారు. బరువన్నాను, గట్టిదనమన్నాను. పుస్తకంలో చదివిన మాంట్‌మోరిల్లనైట్, కయోలినైట్ అనే బంకమట్టి రకాల పేర్లు రెండూ వల్లించాను. ఆయన చెవులు మూసుకున్నట్లు నటించారు. "పేర్లకేం తొందర లేదు. ముందు నువ్వు జూసింది జెప్పు, చదివింది తర్వాత జెప్పు." ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ సాయంత్రం రెండు గడ్డలనూ నీళ్ళలో తడిపి కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళమన్నారు. నాలుగు రోజులు పోయాక చూస్తే నల్లది ఎండి బిగుసుకుపోయి నెర్రెలు విచ్చింది. ఎర్రది చెక్కుచెదరలేదు.

ఎందుకని అడిగాను. ఆ 'ఎందుకు' కోసమే నాలుగు రోజులు కాచుకున్నట్లు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మట్టిలో అన్నిటికన్నా సన్నది బంక రేణువు, కంటికి కనపడదు, అది పొరలు పొరలుగా ఉంటుంది అన్నారు. నల్ల మట్టి రేణువు కొత్త నోటుబుక్కు లాంటిదట. నీళ్ళలో పడితే కాగితానికీ కాగితానికీ మధ్య నీళ్ళు దూరి ఉబ్బుతుంది. ఎండితే నీళ్ళు పోయి ముడుచుకుంటుంది, అందుకే నెర్రెలు. ఎర్ర మట్టి రేణువులోనూ పొరలున్నాయి గానీ అవి జిగురు పెట్టి అతికించిన అట్టలు. మధ్యలోకి నీళ్ళు పోవు. "నీళ్ళు ఒక్కటే గాదు బిడ్డా. మనం ఏసే ఎరువును పట్టుకునేది గూడ ఈ రేణువే. ఒంటినిండ కొక్కేలున్నట్టు అనుకో. నల్లదానికి కొక్కేలు బాగ, ఎర్రదానికి కొన్నే. ఎర్ర చెలకకు ఒక్కసారే పెడితే సగం తింటది, సగం నీళ్ళ ఎంబడి పోతది." నేను ఇంటికెళ్ళి మా అమ్మకు ఇదంతా చెప్పాను. ఆమె అన్నం వడ్డిస్తూ, "మీ సారుకు పిల్లలున్నరా?" అని మాత్రం అడిగింది.

ఉన్నారు, ఇద్దరు. వాళ్ళను తీసుకుని ఒకసారి సికింద్రాబాద్ బయల్దేరితే, కాజీపేటలో రైలు కట్ట కోసిన చోట మట్టి పొరలు బాగా కనపడుతున్నాయని సార్ దిగి వెళ్ళారట. బండి కదిలింది. భార్యాపిల్లలు బండిలో, ఈయన కట్ట దగ్గర. "నేను లేనని మా ఇంటామెకు జనగామ వచ్చినంక ఎర్కయింది" అని తనే చెప్పి పడీ పడీ నవ్వేవారు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఏదో ఒక పొట్లం ఉండేది. చాకలి వాళ్ళకు ఆయన మీద పీకల దాకా కోపం.

ఇంకొక అలవాటు. ఏదైనా అడిగితే "నాకు తెల్వదు" అనేవారు. సర్కారు ఆఫీసులో కుర్చీలో కూర్చున్న మనిషి ఆ మాట అనడం నేను అంతకు ముందు వినలేదు, ఆ తర్వాతా పెద్దగా వినలేదు. తెల్వదు అని ఊరుకునేవారు కాదు. జేబులోంచి కలం తీసి ఆ ప్రశ్నను రాసుకునేవారు.

ఇక నా నిర్వాకం చెప్పాలి. చెప్పకపోతే సార్ గురించి చెప్పినట్లే కాదు.

చేరిన మరుసటి ఎండాకాలం, కొమురయ్య మొదటిసారి మట్టి తెచ్చాడు. మూడెకరాల వరి పొలం. పరీక్ష నేనే చేశాను. నత్రజని 'ఎక్కువ' అని వచ్చింది. ఆ వారం సార్ హైదరాబాద్ మీటింగుకు వెళ్ళారు. ఏ ఎరువు ఎంత వేయాలో రాసే గడి సార్ నింపాల్సింది. నాకు అప్పటికి ఏడాది అనుభవం, తల నిండా పొగరు. నేనే నింపాను. 'యూరియా అవసరం లేదు' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. సార్ వచ్చాక ఓ బొత్తి కాగితాల మధ్య దాన్నీ పెట్టాను. నన్ను నమ్మి ఆయన సంతకం పెట్టేశారు.

శ్రావణ మాసంలో కొమురయ్య మళ్ళీ వచ్చాడు. ఆ కాగితం పాలిథిన్ కవరులో భద్రంగా ఉంది. రెండో చేతిలో వేర్లతో పీకిన నాలుగు వరి మొక్కలు, పసుపు పచ్చగా. అవి నా బల్ల మీద పెట్టాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. "మీ కాయితం జెప్పినట్టే జేసిన మేడం. గింజంత మందు ఎయ్యలే. పక్కోళ్ళది నల్లగ లేచింది. మాది గిట్లయింది. ఈ పంట గూడ పోతే పొలం కౌలుకిచ్చి బొంబాయి పోవుడే. మా తమ్ముడు ఆడ బిల్డింగుల పని జేస్తాండు" అన్నాడు.

సార్ లోపల్నుంచి వచ్చి మొక్కను చేతిలోకి తీసుకున్నారు. వేర్లు వాసన చూశారు. ఆకు ఆకూ విప్పి చూశారు. "కింది ఆకులు పండినయి. పై ఆకు ఇంకా పచ్చగుంది. ఇది రోగం గాదు, ఆకలి" అన్నారు. తర్వాతే కాగితం చూశారు. అక్షరాలు నావని ఆయనకు తెలుసు. "రిపోర్టేమో కడుపు నిండ ఉన్నదంటాంది. నాటేమో లేదంటాంది. నాటుకు అబద్ధమాడే పనేమున్నది?" అన్నారు, నా వైపు చూడకుండా చేతిలోని మొక్కనే చూస్తూ.

ప్రతి సంచిలోంచీ కాస్త మట్టి దాచి ఉంచుతాం. కొమురయ్య మట్టిని తీసి మళ్ళీ పరీక్ష చేయమన్నారు, తను పక్కనే నిలబడి. చేశాను. అదే ఫలితం. మళ్ళీ చేయించారు. మళ్ళీ అదే. నా లెక్క తప్పు కాదని ఒక్క నిమిషం సంతోషించి, వెంటనే అయోమయంలో పడ్డాను. పరీక్ష సరైనదే, నాటిన మొక్క ఆకలీ నిజమే. ఎలా? సార్ ముఖం చూస్తే, అంత కష్టం మధ్యలోనూ, తలుపు సందులోంచి చూసే పిల్లాడి కళ్ళు. "పోదాం పా. పొలాన్నే అడుగుదాం" అన్నారు.

మర్నాడు నర్సంపేట బస్సెక్కి, అక్కణ్నుంచి నడిచి వెళ్ళాం. పొలం సగం పైకి ఎర్ర చెలక, సగం దిగువన నల్ల రేగడి. రెండూ పసుపు పచ్చగానే ఉన్నాయి. గట్టు మీద కొమురయ్య భార్య సారమ్మ నడుముకు కొంగు దోపి నిలబడి ఉంది. మాకు మంచినీళ్ళు ఇచ్చింది గానీ పలకరించలేదు.

"కొమురన్నా, మన్ను ఏడికెళ్ళి తీసినవు?" అన్నారు సార్.

కొమురయ్య ముందు నడిచి ఈశాన్యం మూలకు తీసుకెళ్ళాడు. అక్కడ పసుపు రాసిన రాయి. కుంకుమ బొట్లు, ఊదుబత్తి పుల్లలు, పాత కొబ్బరి చిప్పలు. నాటుకు ముందు ఏటా అక్కడే మొక్కుతారు. పొలానికి తోలిన పశువుల పెంట కూడా మొదటి తట్ట అక్కడే పోస్తారు, శుభమని. "గీడ్నుంచే తీసిన సారూ. సర్కారు పరీక్షకు పంపే మన్నాయె. మంచి జాగల తియ్యకపోతే మర్యాదుంటదా?" అన్నాడు.

ఏటేటా పెంట పడి బలిసిన ఆ మూల మట్టినే పొలమంతా అనుకుని నేను పరీక్ష చేశాను. ఈలోగా పక్క పొలాల వాళ్ళు పదిమంది దాకా చేరారు. మా ఆఫీసుకు మట్టి తెచ్చిన వాళ్ళే సగం మంది. సార్ వాళ్ళను అడిగారు, "మీరు ఏడికెళ్ళి తీస్తరు?" అని. అందరూ ఎవరి పొలం వైపు వాళ్ళు చెయ్యి చాపారు. అన్ని చేతులూ ఈశాన్యం మూలనే చూపించాయి.

సార్ గట్టు మీద కూలబడి నవ్వారు. కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వారు. "ఇన్నేండ్ల సంది మనం పొలాలను పరీక్ష చేస్తలేం బిడ్డా. జిల్లల ఉన్న పూజ మూలలన్నిటినీ పరీక్ష జేస్తాన్నం" అన్నారు. నవ్వు ఆగాక మొహం తుడుచుకుని లేచి, అందరూ వినేలా చెప్పారు. "కొమురన్నది తప్పు లేదు. మీది గూడ లేదు. పొలంకెళ్ళి అర కిలో మన్ను తెమ్మని కాయితంల రాసినం గని, ఎక్కడ తియ్యాల్నో మేం జెప్పలే. తప్పు మాది."

ఆ మాట ఊరు దాటి పైఆఫీసు దాకా పోయింది. సర్కారు రిపోర్టు తప్పని సర్కారు మనిషే నలుగురిలో ఎట్లా ఒప్పుకుంటాడని సంజాయిషీ అడిగారు. రాసింది నేనని ఒప్పుకుంటానని సార్ దగ్గరికి వెళ్ళాను. ఆర్నెల్లకోసారి పొడిగించే టెంపరరీ ఉద్యోగం నాది, ఒక్క కాగితంతో పోతుంది. ఆయన తల ఎత్తకుండానే, "సంతకం నాది గదా" అన్నారు. ఇంకేమీ మాట్లాడనివ్వలేదు. ఆ రెండు ముక్కలకు నేను ఈ రోజుకూ రుణపడి ఉన్నాను.

పొలంలో ఆ రోజు చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లుంది. చెప్పులు విప్పి, ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి సార్ నీళ్ళలోకి దిగారు. ఈశాన్యం మూల వదిలేసి, గట్ల పక్క వదిలేసి, పాము పోయినట్లు వంకర టింకరగా నడుస్తూ ఎర్ర మడిలో పదిహేను చోట్ల, నల్ల మడిలో పదిహేను చోట్ల పిడికెడు పిడికెడు తీశాం. ఎర్రదీ నల్లదీ కలపలేదు. మామూలుగా రిపోర్టుకు మూడు వారాలు పట్టేది. సార్ ఆదివారం కూడా వచ్చి, తన గదిలోని ఫ్యాను తిప్పి మట్టి కింద పరిచి ఆరబెట్టారు. ఐదో రోజుకు రిపోర్టు చేతిలో పట్టుకుని మళ్ళీ ఊళ్ళో ఉన్నాం. రెండు మడుల్లోనూ నత్రజని తక్కువ.

ఎర్ర మడికి కొంచెం కొంచెంగా మూడుసార్లు, నల్ల మడికి రెండుసార్లు యూరియా వేయాలని సార్ చెబుతుంటే, అప్పటిదాకా నోరు విప్పని సారమ్మ ముందుకు వచ్చింది. "మొన్న ఒక కాయితం వద్దన్నది. ఇయ్యాల ఇంకో కాయితం ఎయ్యుమంటాంది. ఇది గూడ తప్పయితే నేనెవ్వల్ని అడగాలె?"

"నన్నడుగు తల్లీ. ఆఫీసుకు రా. అందరి ముందట అడుగు."

ఆమె సార్‌ను కింది నుంచి పైదాకా చూసింది. "అడుగుత" అంది. ఆ వెంటనే, "ముందుగాల ఎర్ర మడిల ఎయ్యి. నల్లది గట్లనే ఉండని. పది రోజులు జూసి, ఎర్రది లేస్తె అప్పుడు నల్లదాంట్ల ఏద్దాం" అని భర్తకు చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. ఒక్కొక్క రోజూ విలువైన సమయంలో ఈ పరీక్షేమిటని. సార్ ముఖం మాత్రం వెలిగిపోయింది. "మంచి మాట. మేం గూడ గిట్లనే జేస్తం" అన్నారు. మళ్ళీ ఒక్క మాట కూడా నొక్కి చెప్పలేదు. పది రోజులకు ఎర్ర మడి పచ్చబడుతోందని కొమురయ్య కబురు పంపాడు. అప్పుడు నల్ల మడిలోనూ వేశారు.

ఆ తర్వాత కబురు లేదు. గింజ పాలు పోసుకునే రోజుల్లో ముసురు పట్టింది. పంట చేతికి వచ్చిందో లేదో మాకు తెలియదు. అడగడానికి నాకు ధైర్యం లేదు. సార్ అడగలేదు గానీ, నర్సంపేట వైపు నుంచి ఎవరొచ్చినా వరండా దాకా వెళ్ళి చూసేవారు. ఈలోగా మా ఫారంలో కొత్త వాక్యం చేర్చారు: 'మొక్కే మూల వదిలి, మిగతా పొలమంతా తిరిగి తీయవలెను.' పైఆఫీసు వాళ్ళు అది తీసేయమన్నారు. ఆయన తీయలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో, పైఆఫీసు నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. సంజాయిషీ అడిగింది ఆయనే. సార్ ఎదురుగా కూర్చుని రిజిస్టర్లు తిప్పుతున్నాడు. సరిగ్గా అప్పుడే సారమ్మ ఒక్కతే, వరుసలో ఉన్న వాళ్ళను దాటుకుని, నేరుగా గదిలోకి వచ్చింది.

"సారూ, అడుగుతనన్న గదా. అడగనీకె వచ్చిన" అంది.

పంట పోయిందనుకున్నాను. అధికారి తల ఎత్తాడు. సార్ లేచి నిలబడ్డారు. "అడుగు తల్లీ" అన్నారు.

"వడ్లు ఇల్లు జేరినయి. పక్కోళ్ళంత రాలే గని, చేరినయి. బొంబాయి పోతలేం. నేనడిగేది గది గాదు" అంది సారమ్మ. "నల్ల మడి పగుల్తది, ఎర్ర మడి పగల్దు. రెండూ ఒక్క గుట్ట కిందియే, ఒక్క వానే. ఎందుకట్ల?"

సార్ తన కుర్చీని ఆమె వైపు జరిపి, కూర్చోమన్నారు. బల్ల మీదున్న నోటుబుక్కు తీసి కాగితాలు విప్పి చూపిస్తూ, నాకు చెప్పినదంతా ఆమెకూ చెప్పారు. ఆమె నాకన్నా తొందరగా పట్టుకుంది. "అయితే నల్లది నీళ్ళు మింగి దాసుకుంటదన్నట్టు" అంది. అధికారి గడియారం చూసుకున్నాడు.

సారమ్మ లేవలేదు. నా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "ఇంకోటి సారూ. కడుపుతోని ఉన్నప్పుడు మాకు మన్ను తినబుద్ధయితది. మా అవ్వ తిన్నది. నేను తిన్న. ఇప్పుడు నా బిడ్డ తింటాంది. ఎర్రదే తింటం. నల్లది నోట్లె పెట్టబుద్ధి గాదు. మాకు ఎవ్వలు జెప్పలే. ఎర్రదాంట్ల ఏమున్నది?"

వరండాలో ఎవరో కిసుక్కున నవ్వారు. అధికారి దగ్గి కిటికీ వైపు తిరిగాడు. నేనూ తల దించుకున్నాను. ఆడదాన్ని, ఏడాదిన్నరగా ఆ ఎర్ర మట్టిని తూచి, కరిగించి, వడకట్టిన దాన్ని, ఆ ప్రశ్న నాకు ఒక్కనాడూ తట్టలేదు.

"నాకు తెల్వదు తల్లీ" అన్నారు సార్.

జేబులోంచి కలం తీశారు. దగ్గర్లో తెల్లకాగితం లేకపోతే, ఎదురుగా ఉన్న తనిఖీ కాగితాన్నే వెనక్కి తిప్పారు. "మళ్ళొక్కసారి జెప్పు. మెల్లగ జెప్పు, ఒక్క మాట పోవద్దు. ముందుగాల ఎవ్వలు తిన్నరంటివి?"

"మా అవ్వ" అంది సారమ్మ. ఆమెకు చదువు రాదు. కుర్చీ అంచున కూర్చుని, కాగితం మీద కదులుతున్న ఆ కలాన్నే చూస్తూ, ఒక్కొక్క మాటా అక్కడ పడేదాకా ఆగి, ఆ తర్వాతే ఇంకో మాట చెప్పింది.